వాకిట్లో బాపు అంబాసిడర్‌... ఉంచాలా? అమ్మాలా?

శుక్రవారం పొద్దున. దోహాలో మా క్యాంపులో అందరూ బట్టలు ఉతుక్కునే వేళ. బకెట్‌లో సర్ఫ్‌ కలుపుతుంటే ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. ఊళ్లో ఉన్న మా కాక కొడుకు పంపించాడు. వేపచెట్టు కింద మా బాపు అంబాసిడర్‌. బానెట్‌ మీద కోళ్లు కూర్చున్నాయి. వెనక టైర్లు రెండూ గాలి పోయి నేలకు అతుక్కున్నాయి. ఫొటో వెంటే వాయిస్‌ మెసేజ్‌.

"అన్నా, పాత ఇనుప సామాన్ల సేటు వచ్చిండు. ముప్పై రెండు వేలు ఇస్త అంటుండు. ఎత్తుకపోయే ఖర్చు గూడ ఆయనదేనట. ఏం జెప్పమంటవ్‌?"

ఏం చెప్పాలి? మేం అన్నదమ్ములం ఇద్దరం. పెద్దవాడు ఖతర్‌లో బిల్డింగ్‌ సైట్లో సూపర్‌వైజర్‌, సివిల్‌ డిప్లొమా చదివాడు. చిన్నవాడు మస్కట్‌లో ఏసీ టెక్నీషియన్‌. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది పెద్దవాడే అయినా మాట ఇద్దరిదీ. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో మేం తెలుసుకున్నవి మనలాంటి వాళ్లకు పనికొస్తాయని రాస్తున్నాం. ఎందుకంటే గల్ఫ్‌లో ఉన్న మనలో చాలామందికి ఊళ్లో ఇలాంటిదొకటి ఉంటుంది. నాయిన నడిపిన చేతక్‌ స్కూటరో, మూలకు పడ్డ ట్రాక్టరో, తాళం వేసిన జీపో!

ఊరు ఊరంతా ఎక్కిన బండి

మాది జగిత్యాల దగ్గర పల్లె. 1986 మోడల్‌ డీజిల్‌ అంబాసిడర్‌ను బాపు 1994లో సెకండ్‌ హ్యాండ్‌లో కొన్నాడు. అప్పటికే అది ఎనిమిదేళ్ల బండి. టాక్సీగా తిప్పాడు. మా ఇద్దరి చదువులు, చెల్లె పెళ్లి, రెండు గదుల ఇల్లు... అన్నీ ఆ స్టీరింగ్‌ మీదనే నడిచాయి.

అప్పట్లో మా దిక్కు ఊళ్ల నుంచి దుబాయి, సౌదీ, మస్కట్‌ పోయేవాళ్లకు బాపు కారే దిక్కు. కొందరిని బొంబాయి బస్సు ఎక్కించేవాడు. విమానం హైదరాబాద్‌ నుంచి ఉంటే బేగంపేట ఎయిర్‌పోర్టు దాకా, దాదాపు రెండు వందల కిలోమీటర్లు, తనే తీసుకుపోయేవాడు. ముందు సీటు అడ్డంగా ఒకటే బెంచీ లాగుంటుంది. గేరు స్టీరింగ్‌ పక్కనే. అందుకే ముందు ముగ్గురు, వెనక ఐదుగురు ఇరుక్కుని కూర్చునేవాళ్లు. పోయేది ఒక్కడే, సాగనంపేది ఏడుగురు! డిక్కీలో ఒక సూట్‌కేసు, తాడు కట్టిన అట్టపెట్టె, అందులో పచ్చడి, సకినాలు.

తిరుగు ప్రయాణంలో కారులో మాటలుండేవి కావని బాపు చెప్పేవాడు. "పోంగ అందరు మాట్లాడుతరు, రాంగ ఒక్కరు మాట్లాడరు" అనేవాడు. పెట్టె వస్తుందని కబురొస్తే ఆ ఇంటివాళ్లను తీసుకుని ఎయిర్‌పోర్టుకు పోయింది కూడా ఆ కారే. ముందు అంబులెన్స్‌, వెనక బాపు. అలా పోయినప్పుడు కిరాయి తీసుకునేవాడు కాదు, డీజిల్‌ పైసలే.

2008 మార్చిలో ఎయిర్‌పోర్టు శంషాబాద్‌కు మారింది. అప్పటికి అందరూ సుమోలు, ఇండికాలు అడుగుతున్నారు. బాపు అదే ఏడాది టాక్సీ పర్మిట్‌ సరెండర్‌ చేసి కారును సొంత బండిగా మార్పించాడు. 2016లో కళ్లు మసకబారాక స్టీరింగ్‌ ముట్టలేదు. 2020 ఏప్రిల్‌లో గుండెపోటుతో పోయాడు. విమానాలన్నీ బందయిన రోజులవి. ఇంతమందిని విమానం ఎక్కించిన మనిషి కడచూపుకు ఆయన కొడుకులకు విమానం దొరకలేదు. ఇక్కడ ఒకరం, అక్కడ ఒకరం, ఫోన్లోనే చూశాం.

ఇదీ ఆ కారు కథ. ముప్పై రెండు వేలు అనగానే మాకు నోరు పెగలకపోవడానికి కారణం ఇదే.

అరవై వేలకు రంగు!

నిజం చెప్పాలంటే మేం ఒకసారి ఇప్పటికే మోసపోయి ఉన్నాం. 2022లో, బాపు పోయిన రెండేళ్లకు, బాధ మీద బాధగా ఒక నిర్ణయం తీసుకున్నాం. "ఎంతయినా సరే, కారు కొత్తగా కావాలె" అని పక్క టౌన్‌లోని ఒక షెడ్డుకు పంపించాం. మూడు విడతల్లో అరవై వేలు పంపాం. ఎస్టిమేట్‌ లేదు, రసీదు లేదు, కొలత లేదు. ఫోన్లో ఫొటోలే. తెల్లటి రంగు మెరిసిపోతుంటే రూమ్‌లో అందరికీ చూపించి మురిసిపోయాం.

తర్వాతి వానాకాలానికే డోర్ల కింద రంగు బొబ్బలు లేచింది. వేలితో నొక్కితే పెచ్చు ఊడింది. లోపల పుట్టీ. పుట్టీ వెనక తుప్పు. ఇంజిన్‌ ముట్టనే లేదు.

సైట్లో హనీకోంబ్‌ వచ్చిన పిల్లర్‌కు రిపేరు చేయకుండా పైన ప్లాస్టరింగ్‌ చేస్తే మనం ఊరుకుంటామా? కొట్టించి మళ్లీ చేయిస్తాం. రోజూ వేరేవాళ్ల బిల్డింగులకు ఆ జాగ్రత్త చూపించే మేం మా ఇంటి బండికి వచ్చేసరికి కళ్లు మూసుకున్నాం. దూరంలో ఉన్నవాడి ప్రేమను రంగుతో కప్పడం సులువని అప్పుడు అర్థమైంది.

అవ్వ మాట

సేటు బేరం వచ్చిన రోజు రాత్రి ఇద్దరం ఇమోలో మాట్లాడుకున్నాం. తమ్ముడు అమ్మేద్దామన్నాడు. "ఇంటి మీద స్లాబు సగంల ఉంది, ఆ పైసలు దానికన్న అయితయ్‌" అన్నాడు. అన్న వద్దన్నాడు. గొంతులు లేచాయి. చివరికి అవ్వను అడిగాం. అవ్వ తప్పకుండా ఉంచమంటుందని ఇద్దరి నమ్మకం.

అవ్వ ఇలా అంది: "మీరు ఫోన్ల సూస్తరు, నేను దినాం సూస్త. మొన్న దాని కిందికెళ్లి పాము ఎల్లింది. వడ్లు ఆరబోసుకుందామంటే వాకిట్ల జాగ లేదు. మీ బాపు దాన్ని ఎన్నడన్న గిట్ల నిలవెట్టిండా? నడిస్తే ఉంచుండ్రి, నడవకపోతే తీసెయ్యుండ్రి. సచ్చినదాన్ని వాకిట్ల పెట్టుకోవద్దు బిడ్డా."

ఇద్దరికీ మాట రాలేదు. జ్ఞాపకం మాది, మోసేది ఆమె! అప్పటిదాకా మేం 'ఉంచాలా, అమ్మాలా' అని కొట్లాడుకున్నాం. అవ్వ ప్రశ్ననే మార్చేసింది. నడుస్తుందా, నడవదా? మేం తేల్చుకోవాల్సింది ఇదొక్కటే.

స్క్రూడ్రైవర్‌తో తనిఖీ

2025 సెప్టెంబరులో ఇద్దరం సెలవులు కలుపుకుని ఊరికి పోయాం. దసరా అక్టోబరు 2న. అప్పటికల్లా ఏదో ఒకటి తేల్చాలని గడువు పెట్టుకున్నాం. జగిత్యాలలో అంబాసిడర్ల మీదే చేతులు కాల్చుకున్న పాత మిస్త్రీ ఒకాయన దొరికాడు. కారు ముందుకు రాగానే బానెట్‌ ఎత్తలేదు. స్క్రూడ్రైవర్‌ తీసుకుని కిందికి దూరాడు.

ఎందుకంటే లారీకి, పాత జీపుకు ఉన్నట్టు అంబాసిడర్‌కు వేరే చాసిస్‌ ఉండదు. బాడీయే చాసిస్‌. ఇంగ్లండ్‌ వాళ్ల మోరిస్‌ ఆక్స్‌ఫర్డ్‌ కారు నమూనా అది. మన దగ్గర హిందుస్థాన్‌ మోటార్స్‌ కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో 1950ల చివరి నుంచి 2014 మే దాకా తయారు చేసింది. కాబట్టి ఫ్లోరు రేకు, డోర్ల కింద బాక్సు లాగా ఉండే రేకు, వెనక స్ప్రింగు పట్టీలు బిగించే చోటు... ఇవి గట్టిగా ఉంటేనే కారు. ఇంజిన్‌ చెడితే ఇంకో ఇంజిన్‌ దొరుకుతుంది. ఇవి పోతే చేసేదేం లేదు. ఇంటికి పునాది, పిల్లర్లు ఎట్లనో కారుకు ఇవి అట్ల.

మిస్త్రీ అరగంట పొడిచి పొడిచి చూశాడు. ఎడమ పక్క డోరు కింది రేకు మూరెడు పోయింది. డ్రైవర్‌ కాళ్ల దగ్గర ఫ్లోరు జల్లెడ అయింది. కానీ స్ప్రింగు పట్టీల చోటు, ముందు క్రాస్‌మెంబర్‌ గట్టిగా ఉన్నాయి. "బతికే ఉంది సార్‌, సుస్తీ చేసింది అంతే" అన్నాడు.

నిలిచిన బండి నడిచే బండి కంటే తొందరగా పాడవుతుందని ఆయనే విడమరిచి చెప్పాడు. బ్రేక్‌ ఆయిల్‌ గాలిలోని తేమను పీలుస్తుంది. దాంతో వీల్‌ సిలిండర్లు లోపల తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. ట్యాంకులో డీజిల్‌ అడుగున జిగురు కడుతుంది. రబ్బరు పైపులు పగులుతాయి. వైర్లు ఎలుకల పాలు. అందుకే ఏళ్ల తరబడి ఆగిన బండికి బ్యాటరీ పెట్టి సెల్ఫ్‌ కొట్టొద్దు. ఆయన ముందుగా నాజిళ్లు విప్పి, సిలిండర్లలో కాస్త ఆయిల్‌ పోసి, రెండు రోజులు ఆగి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి చూశాడు. తిరిగింది!

మూడు లెక్కలు

ఆ రాత్రి సైట్లో బీఓక్యూ రాసినట్టు నోటుబుక్కులో మూడు లెక్కలు రాశాం.

ఒకటి: అమ్మడం. సేటు ముప్పై రెండు వేలు. హైదరాబాద్‌లో సినిమా షూటింగులకు పాత బండ్లు అద్దెకిచ్చే ఒకాయన ఫొటోలు చూసి డెబ్బై ఐదు వేలు అన్నాడు.

రెండు: పూర్తి రిస్టోరేషన్‌. బాడీ విప్పి రేకు పని, రంగు లక్షా అరవై వేలు. ఇంజిన్‌ డెబ్బై వేలు. సీట్లు, క్రోమ్‌ బంపర్లు, అద్దాల రబ్బర్లు అరవై వేలు. వైరింగు ఇరవై, టైర్లు బ్రేకులు నలభై. మొత్తం మూడున్నర లక్షలు. అయిపోయాక దాన్ని అమ్మితే అంత వస్తుందా అని అడిగితే మిస్త్రీ నవ్వాడు.

మూడు: నడిచేటట్టు చేయడం. ఫ్లోరు, కింది రేకు కోసి కొత్తది వెల్డింగు 38 వేలు. బ్రేకులు మొత్తం 14 వేలు. నాలుగు టైర్లు 18 వేలు. వైరింగు 16 వేలు. ట్యాంకు కడగడం, డీజిల్‌ పంపు, నాజిళ్లు 17 వేలు. బ్యాటరీ, రేడియేటర్‌, పైపులు 12 వేలు. ముందు సీటు 5 వేలు. మొత్తం లక్షా ఇరవై వేలు. రంగుకు సున్నా!

మధ్యలో ఇంకో మెకానిక్‌ వేరే వ్యాను ఇంజిన్‌ ఎక్కిస్తే సగం ఖర్చేనని ఆశ పెట్టాడు. కానీ ఇంజిన్‌ మారిస్తే రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. లేకపోతే ఇన్సూరెన్స్‌ దగ్గరా, ఫిట్‌నెస్‌ దగ్గరా ఇరుక్కుంటాం. వద్దన్నాం.

కాగితాలే అసలు తుప్పు

బండి కంటే కాగితాలు ఎక్కువ తుప్పు పట్టాయి. ఆర్సీ ఇంకా బాపు పేరు మీదనే ఉంది. ఓనరు చనిపోతే ముప్పై రోజుల్లో ఆర్టీఏ ఆఫీసుకు తెలపాలి. మూడు నెలల్లో ఫారం 31తో వారసుల పేరుకు మార్పించుకోవాలి. మాకు ఇది తెలియదు. పైగా 2023లో రిజిస్ట్రేషన్‌ గడువు కూడా అయిపోయింది.

సొంత కారుకు పదిహేనేళ్లు దాటితే ఐదేళ్లకోసారి రెన్యూవల్‌. ఒకప్పుడు దీనికి ఆరు వందలే. 2022 ఏప్రిల్‌ నుంచి ఐదు వేలు చేశారు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు పది వేలు చేశారు. మేం ఊళ్లో దిగింది సరిగ్గా ఆ తర్వాతే! ఆలస్యానికి నెలకు ఇంత అని అదనం. గ్రీన్‌ ట్యాక్స్‌, పొల్యూషన్‌ సర్టిఫికెట్‌, ఇన్సూరెన్స్‌ సరేసరి.

'వింటేజ్‌' కింద రాయించుకోవచ్చు కదా అని రూమ్‌మేట్లు అడిగారు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్‌ నుంచి యాభై ఏళ్లు దాటాలి. కొత్తగా రాయించడానికి ఇరవై వేలు, పదేళ్ల గడువు. పైగా ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేర్లకు తప్ప రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. మా బండికి యాభై నిండేది 2036లో. ఆ ముచ్చట అక్కడితో వదిలేశాం.

ఆర్సీ ఎవరి పేరు మీద పెట్టాలి? ఇద్దరం విదేశాల్లో ఉంటాం. సంతకానికి పిలిస్తే రాలేం. అందుకే అవ్వ పేరు మీద పెట్టాలనుకున్నాం. ఇద్దరం, చెల్లె అభ్యంతరం లేదని అఫిడవిట్లు ఇచ్చాం. సెలవులో ఉండగానే ఇవ్వడంతో సరిపోయింది. ఇక్కడికొచ్చాక అయితే ఎంబసీ చుట్టూ తిరగాల్సి వచ్చేది.

దసరా పొద్దు

ఇద్దరం ఒక మాట మీదికొచ్చాం. మూడో లెక్కకే ఓటు. కానీ షరతులతో. లక్షా నలభై వేలు దాటితే పని ఆపేసి షూటింగుల ఆయనకు అమ్మేయాలి. రేకు కోసేటప్పుడు ఇద్దరిలో ఒకరం ఎదురుగా ఉండాలి. వెల్డింగు చూపించకుండా పైన ఏదీ పూయొద్దు. పని అయిన వరకే డబ్బు.

క్లచ్‌ ప్లేటు, వాటర్‌ పంపు కూడా పోయాయని తర్వాత తేలింది. ఇంకో పద్నాలుగు వేలు. మొత్తం లక్షా ముప్పై నాలుగు వేలు. ఆరు వేల దూరంలో ఆగింది! తమ్ముడు సగం, అన్న సగం. సగంలో ఉన్న స్లాబు మళ్లీ ఏడాది వెనక్కి పోయింది. అది దాచడం లేదు. బండి ఉంచుకోవడమంటే ఇంకొకటి వదులుకోవడమే.

దసరా పొద్దున వాకిట్లో హీటర్‌ ప్లగ్గులు వేడి చేసి మిస్త్రీ సెల్ఫ్‌ కొట్టాడు. మూడోసారికి దబదబా నల్లటి పొగ... తర్వాత ఆ పాత చప్పుడు. పక్కింటి తాత గోడ మీది నుంచి తొంగిచూసి "డ్రైవర్‌ వచ్చిండా?" అని, నాలుక కరుచుకున్నాడు. అవ్వ ఏమీ అనలేదు. పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు టైర్ల కింద పెట్టి, "ముందుకు తియ్యుండ్రి, కోళ్లు లేవు సూసుకోండ్రి" అంది. వాకిట్లోనే నాలుగడుగులు ముందుకు, నాలుగడుగులు వెనక్కి. కాగితాలు లేకుండా రోడ్డు ఎక్కించలేదు.

మేం తిరిగి వచ్చేశాక కాక కొడుకు ఫిట్‌నెస్‌ చూపించి, ఆర్సీ చేతికి తెచ్చాడు. రోజూ ఆటో నడిపేవాడే కాబట్టి బండి అలవాటైంది. వారానికోసారి తప్పకుండా ఇరవై కిలోమీటర్లు తిప్పాలని మాట తీసుకున్నాం. అవ్వ మొదటి ప్రయాణం కొండగట్టు అంజన్న గుడికి. ముందు సీట్లో కూర్చుందట. అక్కడి నుంచి ఫోన్‌ చేసి ఇంజిన్‌ దగ్గర పెట్టి "ఇనవడ్తుందా?" అని అడిగింది. దోహాలో ఒకరం, మస్కట్‌లో ఒకరం విన్నాం.

"అన్నా, ఎయిర్‌పోర్టుకు కిరాయి అడుగుతుండ్రు, పోవచ్చా?" అని తమ్ముడు వరసవాడు అడిగాడు. వద్దన్నాం. అది ఇప్పుడు టాక్సీ కాదు, సొంత బండి. కిరాయి తీసుకుంటే తప్పు. పైగా అంత దూరం దానికి భారం. కరీంనగర్‌ దాటొద్దని చెప్పాం.

మిత్రులకు మా మాట

మీ ఇంట్లోనూ ఇలాంటి బండి ఉంటే మాకు తెలిసిన నాలుగు విషయాలు. ముందు రంగుకు కాదు, ఫ్లోరుకు డబ్బు పంపండి. మీరు లేదా మీ నమ్మకస్తుడు ఎదురుగా లేనప్పుడు పని మొదలుపెట్టొద్దు. ఇంత దాటితే ఆపేస్తామన్న హద్దు ముందే కాగితం మీద రాసుకోండి. అన్నిటికంటే ముందు, దాని పక్కన రోజూ బతికే మనిషిని అడగండి.

అమ్మాలనుకుంటే సిగ్గుపడాల్సిన పనిలేదు. నడిపే మనిషి లేని ఇంట్లో అమ్మడమే మంచిది. కానీ ఆర్సీ మార్పించకుండా తాళం చెవి ఇవ్వొద్దు. పేరు మారకపోతే ప్రమాదం జరిగినప్పుడు రికార్డులో ఉన్న ఓనరే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. తుక్కుకు ఇస్తే ప్రభుత్వం గుర్తించిన స్క్రాప్‌ సెంటర్‌లో ఇచ్చి సర్టిఫికెట్‌ తీసుకోండి, ఆర్సీ రద్దు చేయించండి. మనం వేల మైళ్ల దూరంలో ఉంటాం. నోటీసు మాత్రం ఇంటికే వస్తుంది!

మా అంబాసిడర్‌కు డోర్ల మీద ఇప్పటికీ రంగు పెచ్చులు లేచే ఉన్నాయి. ముట్టలేదు. ఆర్సీ మళ్లీ 2030లో రెన్యూవల్‌కు వస్తుంది. అప్పుడు ఉంచాలా, అమ్మాలా అని మళ్లీ కూర్చుంటాం. ఈసారి ఇమోలో కాకుండా, ఇద్దరిలో ఒకరమైనా ఆ వేపచెట్టు కింద కూర్చుని తేల్చాలని ఒప్పందం చేసుకున్నాం.